నలభై ఒకటో నెంబరు పాట

ఇన్‌స్పెక్టర్ లెక్క ప్రకారం మేస్త్రీ మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో పోయాడు. ఆ లెక్క ఆయన చాలా ముచ్చటగా చెప్పుకొచ్చాడు. పదకొండూ నలభైకి వేలంలో ఇరవై ఏడో నెంబరు ఇల్లు మేస్త్రీకి కొట్టేశారు. ఇల్లు తనదయిందన్న సంబరంలో మనిషి కాగితాల మీద సంతకం కూడా పెట్టకుండా చూసుకోవడానికి పరుగెత్తుకొచ్చాడు. ఆరేళ్ళుగా తాళం వేసి ఉన్న ఇల్లు, చెక్కమెట్లు పుచ్చిపోయి ఉన్నాయి. తొమ్మిదో మెట్టు విరిగింది, తల గచ్చుకి కొట్టుకుంది. పన్నెండూ నలభై అయిదుకి తాళంచెవి వెనక్కి తీసుకుందామని వచ్చిన తాళాల గుమాస్తా చూసి కేక పెట్టాడు. అంతే సంగతి.

హెడ్డమ్మ ఈ కథంతా మధ్యలో ఒక్క మాట అడగకుండా విన్నది. పోలీసు శిక్షణ కళాశాలలో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. హెడ్ మేడం అన్న పిలుపు విద్యార్థుల నోళ్ళలో నలిగి హెడ్డమ్మ అయింది. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆవిడని వదల్లేదు. ఎదురుగా నిలబడి లెక్క చెబుతున్న ఇన్‌స్పెక్టర్ కూడా ఒకప్పుడు ఆవిడ క్లాసులో మూడో బెంచీ.

"ఎవరు పిలిచారు మేడం మిమ్మల్ని?" అన్నాడు చివరికి.

"నేను పిలిచాను," అన్నది మేస్త్రీ చెల్లెలు.

ఆమె దర్జీ. కబురు తెలిసేసరికి మిషను ముందు కూర్చుని ఉందేమో, పమిటకి రెండు గుండుసూదులు అలాగే ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినా గొంతు మాత్రం నిలకడగా ఉంది. ఇన్‌స్పెక్టర్ తన రిపోర్టులో "మత్తులో కాలు జారి ఉండవచ్చు" అని ఒక ముక్క రాసుకున్నాడు. ఆమెకి ఆ ముక్క దగ్గరే మంట. తన అన్న టీ తప్ప ఇంకోటి ముట్టడనీ, ముప్పై ఏళ్ళు పరంజాల మీద నడిచినవాడనీ, తొమ్మిది మెట్ల మీది నుంచి పడే మనిషి కాదనీ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. పాత ఇళ్ళు వేలంలో కొని, తన చేతులతో బాగుచేసి అమ్మడం మేస్త్రీ పని. ఈ ఇల్లు మాత్రం అమ్మడానికి కాదట. కింద చెల్లెలి కుట్టు దుకాణం, పైన తన కాపురం అని ఆరు నెలల నుంచి అనుకుంటున్నాడట.

ఆసుపత్రి బండి ఇంకా రాలేదు. టైము రెండూ ఇరవై. హెడ్డమ్మ మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి పక్కకి తీసింది. నీలం గళ్ళ చొక్కా, కొత్తది, ఇంకా గంజి వాసన పోలేదు. నిన్న సాయంత్రమే గుండీలు కుట్టి ఇచ్చాననీ, ఇవాళ పొద్దున్నే మొదటిసారి వేసుకున్నాడనీ చెల్లెలు చెప్పింది. చెవి వెనక పెన్సిలు ముక్క అలాగే ఉంది. నడుముకి ఎడమవైపు తోలు సంచీ ఖాళీ.

"ఇందులో ఏముంటుందమ్మా?"

"టేపండి. కొలిచే టేపు. స్నానానికి పోయినా అది తలుపు బయటే ఉండాలి మా అన్నకి."

హెడ్డమ్మ మేస్త్రీ కాలు మెల్లిగా పైకెత్తి చెప్పు అడుగు చూసింది. అట్టకి అంటిన సున్నం పొడి తెల్లగా, పొడిగా ఉంది. లేచి గుమ్మం దగ్గరకి వెళ్ళింది. గుమ్మంలో పరిచిన గోనెసంచి మాత్రం తర్వాత వచ్చినవాళ్ళ కాళ్ళ మట్టితో తడిసి ఉంది. బయట వాకిలంతా బంకమట్టి, అడుగేస్తే చెప్పు ఊడి వచ్చేట్టుంది. ఆ మట్టిలో పోలీసు జీపు చాళ్ళున్నాయి, గుమాస్తా సైకిలు గీత ఉంది, పదిమంది అడుగులున్నాయి. గోడవారన నిలబెట్టిన మేస్త్రీ బండి వెనక మాత్రం ఏ గీతా లేదు. పైనుంచి దించినట్టు ఉంది అక్కడ.

"వాన ఎన్నింటికి పడింది?" అని అడిగింది.

తొమ్మిదింపావుకి మొదలై పదింటికి వెలిసిందని గుమాస్తా చెప్పాడు. అతని దగ్గర తాళాల పుస్తకం ఉంది. ఎనిమిదీ నలభైకి ఇరవై ఏడో నెంబరు తాళంచెవి తీసుకున్నట్టు మేస్త్రీ సంతకం. వేలం హాలు నుంచి ఇక్కడికి పది నిమిషాల దారి.

"అంటే తొమ్మిదికి పది నిమిషాల ముందు వచ్చాడు," అన్నది హెడ్డమ్మ. "వాన పడకముందే బండి పెట్టాడు, అందుకే దాని గీత లేదు, వాన చెరిపేసింది. వానకి ముందే లోపలికొచ్చాడు, అందుకే చెప్పులకి మట్టి లేదు. ఈ వాకిలి దాటి హాలుకి వెళ్ళి, మళ్ళీ ఇదే వాకిలి దాటి వచ్చి ఉంటే చెప్పులు ఇలా ఉండవు. ఇతను లోపలికి ఒక్కసారే వచ్చాడు నాయనా. మళ్ళీ బయటికి పోలేదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. పాఠం అప్పజెప్పించుకునే రోజులు పోయాయన్న ధైర్యం ఉంది ఆ నవ్వులో. చెప్పులు దులుపుకుని ఉండవచ్చన్నాడు, గట్టు మీంచి నడిచి ఉండవచ్చన్నాడు. ఆఖరికి చంకలోని ఫైలు తీసి మీద తట్టాడు.

"ఇవన్నీ సరే మేడం. పదకొండూ నలభైకి ఈ మనిషి హాల్లో పాట పాడాడు. పదకొండుమంది సాక్ష్యం ఇచ్చారు, సంతకాలతో సహా. చచ్చినవాడు పాట పాడతాడా?"

"పాడడు. ఎవరు పాడారో కనుక్కుందాం," అన్నది హెడ్డమ్మ తాపీగా, ఇల్లు చూడటం ఆపకుండానే.

మేస్త్రీ టేపు కోసం ఇల్లంతా వెతికింది. దొరకలేదు. పెన్సిలుంది, టేపు లేదు అంటే ఆ టేపుతో కొలిచిన కొలత ఎవరికో నచ్చలేదన్న మాట. అన్న కొలతలు ఎక్కడ రాస్తాడని చెల్లెల్ని అడిగింది. కాగితం మీద ఎప్పుడూ రాయడట, గోడ మీదే రాస్తాడట. సున్నం వేస్తే పోతుంది కదా అంటాడట. ఇద్దరూ గదిగదీ తిరిగారు. పెరటి తలుపు చట్రం మీద, కంటి ఎత్తులో, పెన్సిలుతో మూడు అంకెలు కనిపించాయి. అరవై, దాని కింద యాభై ఒకటి, గీత గీసి దాని కింద తొమ్మిది. తొమ్మిది చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి ఉంది.

హెడ్డమ్మ గుమాస్తా దగ్గర వేలం పుస్తకం తీసుకుని తెరిచింది. ఇరవై ఏడో నెంబరు, స్థలం వెడల్పు అరవై అడుగులు. చెల్లెలి సంచీలో దర్జీ టేపు ఉంది, అయిదడుగులది. పడమటి ప్రహరీ దగ్గర ఒకరు, ఇవతల ఒకరు పట్టుకుని బురదలో కొలుచుకుంటూ పోయారు. పది టేపులు, ఇంకొక్క అడుగు. అక్కడితో ఆగిపోవాల్సి వచ్చింది, ఎందుకంటే అక్కడ గోడ ఉంది. ఆ గోడ మీద అయిదంతస్తుల ఫ్లాట్లు. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, ముప్పై కుటుంబాలైనా కాపురముంటున్నాయి.

"ఈ ఫ్లాట్లు కట్టిందెవరు?"

ఒక బిల్డరని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. బిల్డరు పెద్దమనిషి. ఇవాళ్టి వేలంలో ఈ ఇంటికే ఆయన కూడా పాడాడు, మేస్త్రీ తర్వాతి పాట ఆయనదే. మేస్త్రీ సంతకం పెట్టకుండా పోయాడు కనుక నిబంధన ప్రకారం ఇల్లు రెండో పాటదారుకి వెళుతుంది. అయిదు గంటలకి హాల్లో కాగితాలు రాస్తారు.

"తొమ్మిదడుగులు పక్కవాళ్ళ స్థలంలోకి వచ్చి కట్టాడు," అన్నది హెడ్డమ్మ. "ఇంటికి వారసులు లేనన్నాళ్ళూ అడిగేవాడు లేడు. ఇవాళ ఒక మేస్త్రీ వచ్చి టేపు పట్టాడు. ఆయన్నొకసారి చూడాలి."

"ఆయన నా ముఖ్య సాక్షి మేడం." ఇన్‌స్పెక్టర్ ఫైలు మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. "మీరు ఆయన మీద వేలు పెట్టి చూపిస్తే నా కేసు నవ్వులపాలవుతుంది. పైగా తొమ్మిదీ యాభై నుంచి ఆయన హాలు దాటి బయటికి పోలేదు. ఒంటిగంట దాకా మొదటి వరసలో కూర్చున్నాడు. కావాలంటే వీడియో ఉంది."

"అదీ చూద్దాం. నీ ఫైలు ఒకసారి ఇస్తావా?"

ఇవ్వాల్సిన పని ఆయనకి లేదు. కానీ ఆవిడ చెయ్యి చాచిన తీరు పాతదే. పరీక్ష పేపరు అందించినట్టు అందించేశాడు, అందించాక తన మీద తనకే కోపం వచ్చింది.

జీపులో హాలుకి పోతున్నంతసేపూ హెడ్డమ్మ వాంగ్మూలాలు చదివింది. పదిమంది చెప్పింది ఇంచుమించు ఒకటే. వెనక నుంచి నలభై ఒకటో నెంబరు పాట వచ్చిందనీ, ఆ నెంబరు మేస్త్రీదనీ. వచ్చిందని విన్నారు. వేలందారు నోటి నుంచి విన్నారు. కూర్చున్నవాళ్ళ మొహాలు ముందుకే ఉంటాయి కదా. పదకొండో వాంగ్మూలం ఒక్కటే వేరు. అందులో "చూశాను" అన్న మాట మూడుసార్లుంది. అది బిల్డరుది.

బిల్డరు హాలు పక్కగదిలో కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. లేచి నమస్కారం పెట్టి, మేస్త్రీ చెల్లెలికి కుర్చీ తనే జరిపాడు. పోయినవాడు మంచి పనివాడనీ, ఇల్లు అతనికే దక్కినందుకు తను నిజంగా సంతోషించాననీ చెప్పుకొచ్చాడు. హెడ్డమ్మ కూడా అంత మెత్తగానే అడిగింది. పొద్దున ఎక్కడున్నారంటే తొమ్మిదిన్నర దాకా ఇంట్లో ఒంటరిగా, తర్వాత కారులో, తొమ్మిదీ యాభైకి హాల్లో అన్నాడు. మేస్త్రీ పాట పెట్టడం చూశారా అంటే తల బలంగా ఊపాడు.

"నా మీద పై పాట పెట్టింది ఎవరా అని వెంటనే వెనక్కి తిరిగానమ్మా. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నీలం గళ్ళ చొక్కా. నెంబరు బోర్డు ఎత్తి పట్టుకున్నాడు. ఈ కళ్ళతో చూశాను."

హెడ్డమ్మ చొక్కా మాట ఆయన వాంగ్మూలంలో లేని సంగతి గమనించి, అది కూడా కింద రాసి సంతకం పెట్టమన్నది. ఆయన సంతోషంగా పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ కూడా సాక్షి సంతకం చేశాడు. చెల్లెలు మాత్రం బిల్డరు మొహం వైపు చూస్తూ పమిట చివర నులుముతూ ఉండిపోయింది.

వీడియో వేలందారు గదిలో ఉంది. తగువులు రాకుండా వేదిక మీద ఒక కెమెరా పెట్టారు. మొదటి నాలుగు వరసలూ, వాళ్ళ మొహాలూ అందులో పడతాయి, వెనక భాగం పడదు. హెడ్డమ్మ పదకొండూ ముప్పై ఎనిమిది దగ్గర పెట్టించింది. తెర మీద ఇరవై ఏడో నెంబరు ఇల్లు పిలిచారు. బిల్డరు కాలు మీద కాలేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ పాడుతున్నాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఇక ఆయనదే అనుకుంటుండగా వేలందారు గొంతు వినిపించింది. "వెనక నుంచి, నలభై ఒకటి."

హాలంతా వెనక్కి తిరిగింది. రెండో వరసలో ఒక ముసలావిడ నడుం తిప్పి వెతికి, పక్కావిడని ఎవరని అడిగింది. మూడో వరసలో ఇద్దరు సగం లేచి చూశారు. నాలుగు వరసల్లోనూ తిరగనిది ఒక్కడే. బిల్డరు. ఆయన చేతిలోని కళ్ళజోడు ఒళ్ళో పడింది. దాన్ని తీసుకోలేదు. మొహం ముందుకే ఉంది, మెడ కొయ్యలా ఉంది. మళ్ళీ పై పాట పెట్టమని వేలందారు రెండుసార్లు అడిగాడు. ఆయన చెయ్యి లేవలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఇల్లు నలభై ఒకటికి కొట్టేశారు.

ఇన్‌స్పెక్టర్ వీడియో తనే వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మూడోసారి కూడా చూశాడు. "వెనక్కి తిరిగానన్నాడు కదా," అన్నాడు చాలా నెమ్మదిగా.

"తిరగలేదు," అన్నది హెడ్డమ్మ. "ఇప్పుడు అసలు ప్రశ్న." ఆవిడ కుర్చీ వేలందారు వైపు జరుపుకుంది. "అయ్యా, హాల్లో వెనక్కి చూసేది మీరొక్కరే. చూడటమే మీ ఉద్యోగం. మేస్త్రీ ఏ చేత్తో బోర్డు ఎత్తాడు?"

వేలందారు అరవై ఏళ్ళవాడు, ముప్పై ఏళ్ళుగా ఆ సుత్తి ఆయన చేతిలోనే ఉంది. కుడిచెయ్యన్నాడు. ఆ వెంటనే ఎడమచెయ్యేమో అన్నాడు. తర్వాత రద్దీగా ఉందన్నాడు. హెడ్డమ్మ తొందర పెట్టలేదు. క్లాసులో జవాబు రానివాణ్ణి నిలబెట్టినట్టు ఊరికే చూస్తూ కూర్చుంది.

"మీరు దాచింది చిన్న తప్పే అయి ఉంటుంది," అన్నది కాసేపటికి. "లైసెన్సుతో పోయేది. ఇంకొక్క గంట దాచారంటే అది హత్య దాచినట్టవుతుంది. ఆలోచించుకోండి."

హత్య అన్న మాటకి ముసలాయన లేచాడు. బల్ల సొరుగు లాగి, లోపలి నుంచి ఒక కవరు తీశాడు. కవరులో చీటీ, చీటీతో పాటు నలభై ఒకటి అంకె ఉన్న నెంబరు బోర్డు. చీటీ మేస్త్రీ చేతిరాత. పొద్దున ఎనిమిదీ పదికి రాసింది. ఇల్లు ఒకసారి కొలిచి వస్తాను, ఆలస్యమైతే నా తరఫున మీరే ఫలానా మొత్తం దాకా పాడండి అని, కింద సంతకం.

అలా రాసిచ్చిన పాట తీసుకోవచ్చు. కానీ ఇల్లు పిలవడానికి ముందే ఆ సంగతి అందరికీ చెప్పాలి. వేలందారు చెప్పలేదు. రాసిచ్చిన పాట ఉందంటే హాల్లో ఉత్సాహం చచ్చిపోతుందని, ఉత్త గోడవైపు చెయ్యి చూపించి "వెనక నుంచి" అనేశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. తీరా ఒంటిగంటకి మేస్త్రీ పోయాడని తెలిసింది, వెంటనే పోలీసులొచ్చారు, మేస్త్రీ పాట పాడి వెళ్ళాడని అందరూ రాసిస్తున్నారు. నోరు విప్పితే లైసెన్సు పోతుందని ఊరుకున్నాడు. అంతకుమించి పాపం తెలియదని, బోర్డు బల్ల మీద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

 ఇన్‌స్పెక్టర్ తన ఫైలు తెరిచి పదకొండో వాంగ్మూలం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం నుంచి దాన్ని చూసి మురిసిపోయింది ఆయనే. అక్కడ ఎవరూ నిలబడలేదు, ఎవరూ బోర్డు ఎత్తలేదు. లేని మనిషిని చూశానని ఒక్కడే రాసిచ్చాడు. ఆ లేని మనిషికి సరిగ్గా ఇవాళే వేసుకున్న కొత్త చొక్కా తొడిగాడు.

"మేడం," అన్నాడు. గొంతులో పొగరు లేదు. "ఆ చొక్కా సంగతి..."

"తొమ్మిదింటికి ఆ పాత ఇంట్లో చూసి ఉంటాడు. శవాన్ని మీరు దుప్పటి కప్పి ఉంచారు, ఆయన హాలు దాటలేదు. ఇంకెక్కడ చూస్తాడు? పద నాయనా, అడిగేది నువ్వే. నీ సాక్షి."

పక్కగదిలో కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. టైము అయిదుకి పది నిమిషాలు తక్కువ. బిల్డరు కలం మూత తీసి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు కారు గురించి అడిగాడు. పొద్దున్నే వానలో ఏ దారిన వచ్చారు, టైర్లకి ఆ బంకమట్టి ఎక్కడిది, డిక్కీ ఒకసారి తెరుస్తారా అని. బిల్డరు ప్రతిదానికీ నవ్వుతూనే జవాబు చెప్పాడు. టైర్లకి మట్టి ఎక్కడైనా అంటుతుందన్నాడు. డిక్కీకి మాత్రం తన వకీలు రావాలన్నాడు.

అప్పుడు వేలందారు లోపలికొచ్చి నలభై ఒకటో నెంబరు బోర్డు తీసి ఆయన ముందు పెట్టాడు. ఇది పొద్దుటి నుంచి తన సొరుగులోనే ఉందనీ, మేస్త్రీ రాసిచ్చి పోతే ఆ పాట తనే పాడాననీ, వెనక ఎవరూ లేరనీ, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

బిల్డరు బోర్డు వైపు చూశాడు. కలం చేతిలోనే ఉంది. తప్పించుకోవడానికి ఏదో ఒకటి అంటాడని హెడ్డమ్మ ఎదురుచూసింది. వకీలు అంటాడు, పొరపాటు పడ్డానంటాడు, అలాంటివాటికి ఆవిడ దగ్గర జవాబులున్నాయి. కానీ ఆయన మొహంలో కనిపించింది భయం కాదు. పొద్దుటి నుంచి నెత్తి మీద మోస్తున్న బరువు ఎవరో దించినట్టు భుజాలు జారిపోయాయి.

"నువ్వా పాడింది?" అన్నాడు వేలందారుతో. మిగతావాళ్ళు ఆ గదిలో ఉన్న సంగతే ఆయనకి గుర్తున్నట్టు లేదు. "నువ్వేనా? నేనింకా... గుడ్డలో చుట్టిన ఇటుకతో ఒక్కటే వేశాను. మెట్టు విరగ్గొట్టి, ఊపిరి లేదని చూసి నిర్ధారించుకునే వచ్చాను. తీరా ఇక్కడ కూర్చుంటే నువ్వు నలభై ఒకటి అన్నావు. లేచి వచ్చాడనుకున్నాను. నా వెనకే నిలబడ్డాడనుకున్నాను. ఆ హాల్లో గంటన్నర సేపు మెడ తిప్పడానికి ధైర్యం చాల్లేదు నాకు."

మేస్త్రీ చెల్లెలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది.  లోపలికొచ్చి ఇన్‌స్పెక్టర్ ఫైలు తన వైపు తిప్పుకుని, "మత్తులో" అన్న మాట మీద వేలు పెట్టి నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ బిల్డరు చేతిలోంచి కలం తీసుకున్నాడు. ఆమె చూస్తుండగా ఆ మాట కొట్టేసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు. ఆ తర్వాత కొత్త కాగితం తీశాడు.